దెబ్బ ఎట్లా తగిలిందని అడిగారు

తమ్మీ,

నువ్వు వెళ్ళి ఏడాదిన్నర దాటింది. అక్కడ సుఖంగానే ఉన్నావనుకుంటాను. ఇక్కడ మేం ఉన్నాం. నీ సుజాత నాలుగు నెలలుగా కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉంది. దేవుడి గది పక్క గది ఆమెకిచ్చాం. పొద్దున నేను గంట కొడితే ఆమె లేస్తుంది.

రోజూ దీపం పెట్టేటప్పుడు నీ పేరు తలుచుకుంటాను. అందుకే వేరే ఉత్తరం ఎందుకులే అనుకున్నాను ఇన్నాళ్లూ. కానీ నాలుగు నెలలుగా నేను మనుషులెవరికీ చెప్పని మాట ఒకటి ఉండింది. సుజాత కాలు బాగుపడటం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నిన్న సాయంత్రం చెప్పేశాను. మొదటి నుంచి చెబితేగానీ నీకు అర్థం కాదు…

దసరా వెళ్ళిన నాలుగో రోజు. ఎంత మామూలు పొద్దో! ఆరు కాకముందే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేశాను. పండక్కి వచ్చిన సుజాత అప్పటికే తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ ఆదిలాబాద్‌కు ఫోన్లో మాట్లాడుతోంది. ఆమె మెస్సులో రొట్టెలు కొట్టే మంగళా మావశితో. పత్తి మార్కెట్ తెరుస్తున్నరు, లారీలొస్తయ్, పొయ్యిలకు మట్టి పూసినవా, జొన్నలు పట్టిచ్చినవా అని. సగం తెలుగు, సగం మరాఠీ.

నువ్వు యార్డులో పత్తి కాంటా పెట్టే రోజుల్లో దగ్గరుండి పెట్టించిన మెస్సే కదా అది. “సుజాత రొట్టె కొడుతున్నదంటే లారీ డ్రైవర్లు హారన్ కొట్టుడు బంద్ చేస్తరక్కా” అనేవాడివి. ఇప్పటికీ అలాగే ఉంది దాని పేరు.

ప్రవీణ్ బయట కారు తుడుస్తున్నాడు. నా కొడుకు కారు తుడిచినంత శ్రద్ధగా ఎన్నడూ పుస్తకం చదవలేదని నీకు తెలుసు. మీ బావ కళ్లద్దాలు వెతుకుతున్నారు. అవి ఆయన నెత్తి మీదే ఉన్నాయి. సుజాత చూసి నవ్వింది, చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఉప్మా తిన్నాం. పండక్కి చేసిన బెల్లం మలీద ముద్దలు మిగిలితే డబ్బాలో సర్దాను. పొద్దుటి పూజలో కొట్టిన కొబ్బరికాయను ముక్కలు కోసి, చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, దారిలో తినొచ్చని నా ఒళ్లో పెట్టుకున్నాను.

సుజాతను ఆదిలాబాద్‌లో దింపి, రెండు రోజులుండి రావాలని నా ఆలోచన. కారు ప్రవీణ్ నడిపాడు. సుజాత ముందు కూర్చుంది. నేను వెనక.

గంగాధర దాటాం. కొండగట్టు ఇంకా రాలేదు. రోడ్డుకు ఒక పక్కంతా మక్కజొన్నలు ఎండబోసి ఉన్నాయి. చుట్టూ రాళ్లు పేర్చి, ఒక కట్టెకు ఎర్ర గుడ్డ కట్టి పెట్టారు. ఒక ముసలవ్వ కాపలా కూర్చుంది. ఇదంతా నేను చూశాను తమ్మీ. దూరం నుంచే చూశాను.

ఆ తర్వాత ఏమైందో ఒక్క వాక్యంలో రాస్తాను. మా కారు ఆ రాళ్లెక్కి, ఎడమకు దిగి, కల్వర్టు గోడకు గుద్దుకుంది. సుజాత కూర్చున్న వైపు.

ప్రవీణ్‌కు నుదుటి మీద చిన్న గీత. నాకేమీ కాలేదు. సుజాతకు ఎడమ కాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆమె అరవలేదు. నా చెప్పు ఏదీ అని అడిగింది. రెండుసార్లు అడిగింది…

ఆ మక్కల అవ్వే ముందుగా వచ్చింది. ఎర్ర గుడ్డ కట్టిన కట్టెను పీకి, సుజాత కాలికి ఆనించి, తన కొంగు చించి కట్టింది. కదిలియ్యకుండ్రి బిడ్డా, కదిలియ్యకుండ్రి అని అంటూనే ఉంది. దారిన పోయే వ్యాను ఆపింది కూడా ఆమే.

కరీంనగర్‌లో మొదట కనిపించిన ప్రైవేటు దవాఖానకు తీసుకొచ్చాం. కౌంటర్లో రాసుకునే అమ్మాయి అడిగింది. దెబ్బ ఎట్ల తగిలింది? యాక్సిడెంటా? యాక్సిడెంటయితే పోలీసులకు చెప్పాలె మేం.

ప్రవీణ్ నోరు తెరిచాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. మెట్ల మీది నుంచి జారిందమ్మా, అన్నాను.

పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టి వెళ్ళిన నోటితో అన్నాను. అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తర్వాత డాక్టరు సుజాతను అడిగితే ఆమె నా వైపు చూసి, అవు సార్, మెట్లే, అన్నది.

కొడుకును కాపాడుకోవడానికి అన్నానని అందరూ అనుకున్నారు. మీ బావ కూడా అలాగే అనుకున్నారు. మంచి పని జేసినవ్, ఇంటోళ్ల మీద కేసెవడు పెడుతడు అన్నారు. నేను ఊరుకున్నాను.

ఇక బిల్లుల సంగతి. సర్కారు ఆరోగ్య కార్డు ఆ దవాఖానలో చెల్లదు. ఆపరేషన్‌కు ముందే డబ్బు కట్టాలన్నారు. మీ బావ బ్యాంకు డిపాజిట్ గడువు తీరకుండానే తీశారు. ప్రవీణ్ మోటారు సైకిలు అమ్మాడు. సుజాత చిట్టీ ఎత్తుకుంది, సగానికి కొంచెం ఎక్కువే చేతికొచ్చింది. నా గాజులు రెండు పోయాయి. మొత్తం ఎంతయిందో రాయను. నువ్వు కాంటా మనిషివి, రాస్తే కూడుతూ కూర్చుంటావు.

సుజాత ప్రతి కాగితం దాచింది. మందుల చీటీ, ఎక్స్‌రే రసీదు, కట్టు మార్చినందుకు ఇచ్చిన అరచేతంత ముక్క కూడా. తారీఖుల వరుసలో పెట్టి పిన్నీసు గుచ్చింది. ఇవెందుకమ్మా అంటే, ఏమో వదినె, మెస్సు నడిపినదాన్ని, కాయితం పారేస్తే నిద్ర పట్టదు అన్నది.

మంగళా మావశి రోజూ ఫోన్ చేస్తుంది. స్పీకర్ పెడుతుంది సుజాత. పాయ్ కసా ఆహే అని అరుస్తుంది అవతల నుంచి, కాలెలా ఉందని. తర్వాత అంతా ఫిర్యాదులే. డ్రైవర్లు తన రొట్టె మందమంటున్నారట. సుజాతమ్మ ఎప్పుడొస్తదని రోజూ అడుగుతున్నారట. వాళ్లకు రొట్టెలు కావాల్నా, సుజాతమ్మ కావాల్నా అని తిట్టి పంపుతోందట. సీజనంతా ఒక్కతే లాక్కొచ్చింది తమ్మీ. ఒక్క పూట పొయ్యి ఆరలేదు.

ప్రవీణ్ మాత్రం… కారు బాగై వచ్చి ఇంటి ముందు నిలబడి ఉంది, దాని మీది గుడ్డ తీయడు. ఉద్యోగానికి బస్సులో వెళ్తాడు. అత్తమ్మా మందులేసుకున్నవా అని గుమ్మంలో నిలబడి అడుగుతాడు, లోపలికి రాడు. సుజాత, రా అల్లుడా, నేనేం కొరుకనులే అంటుంది. నవ్వుతాడు. రాడు.

మూడు నెలలకు ఎక్స్‌రే తీశారు. ఒక ఎముక అతికింది, ఒకటి అతకలేదు. తుంటి నుంచి కొంచెం ఎముక తీసి అక్కడ పెట్టాలి, ఇంకో ఆపరేషన్ అన్నారు. చేస్తే ఆరు నెలల్లో నిలబడుతుంది, పొయ్యి దగ్గర పని చేసుకోగలదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. చేయకపోతే కర్ర తప్పదు. మళ్ళీ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? అమ్మడానికి ఇంకేం ఉంది?

కార్డు చెల్లే సర్కారు దవాఖానలో చేస్తారని తెలిసి, మొన్న సుజాతను తీసుకొని వెళ్ళాను.

ఆ కార్డు మీద మొదటి పేరు నీదే. ఎవరం తీసేయించలేదు. ఫోటోలో నవ్వుతున్నావు. కౌంటర్లో ఉన్నావిడ కార్డు చూసి, ఈ సారు రాలేదా అని అడిగింది. పోయిండమ్మా అన్నది సుజాత. ఆవిడ ఒక్క నిమిషం కలం ఆపి, సారీ అక్కా అన్నది. మంచి మనిషి.

తర్వాత పాత కాగితాలు తిప్పుతూ అడిగింది. దెబ్బ ఎట్ల తగిలిందక్కా? ఈ కాయితంల మెట్ల మీదికెళ్లి పడ్డట్టున్నది. గదే రాయాల్నా?

అదే రాయమంటే అయిపోయేది. ఒక్క మాట. మొదటిసారి భయంలో అన్నాననుకోవచ్చు. ఈసారి భయం లేదు, రక్తం లేదు, తొందర లేదు. చక్రాల కుర్చీలో సుజాత నా పక్కనే ఉంది. నీ ఫోటో టేబుల్ మీద ఉంది.

రేపొస్తానమ్మా అని కాగితాలు తీసుకున్నాను.

ఆటోలో తిరిగొచ్చాం. సుజాత గడియారం చౌరస్తా దగ్గర ఆటో ఆపించి రేగుపండ్లు కొనమంది. ఇల్లు చేరేదాకా ఇద్దరం అవే తిన్నాం.

నిన్న మధ్యాహ్నం ఖాజా సాబ్ దగ్గరికి వెళ్ళాను. గుర్తున్నాడు కదా, మా వీధి చివర, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. నువ్వు కరీంనగర్ వచ్చినప్పుడల్లా మాతో రెండు మాటలు, ఆయనతో రెండు గంటలు. మెట్ల మాట చెప్పాను. రెండో మాట చెప్పలేదు. కారు బీమా కాగితం తెమ్మన్నాడు.

అది దేవుడి గూట్లో ఉంది. కారు కొన్ననాటి నుంచీ ప్రతి దసరాకు బండి పూజలో బీమా కాగితానికి కూడా పసుపు కుంకుమ పెట్టి గూట్లో దాచడం నా అలవాటు. కొత్తది రాగానే పాతది తీసి కొత్తది పెడతాను. దాంట్లో ఏం రాసి ఉందో ఒక్క ఏడాదీ చదవలేదు.

ఖాజా సాబ్ కుంకుమను చేతిరుమాలుతో మెల్లగా తుడిచి, అద్దాలు సర్దుకొని చదివాడు. తర్వాత నా వైపు చూసి, అమ్మా, గిది పూజ జేసే కాయితం కాదు, అక్కరకొచ్చే కాయితం అన్నాడు. పూర్తి బీమా. బండిల కూసున్నోళ్లకు గుడ వర్తిస్తది. మీ ఇంట్ల గింత తెలివిగల్లోళ్లెవరు?

మీ బావ తక్కువ ఖర్చుది చాలన్నారు అప్పట్లో. ప్రవీణ్ పట్టుబట్టి ఇది తీసుకున్నాడు. ఆ మాట చెప్పాను.

సాయంత్రం ఇంటికొచ్చి అందరి ముందు చెప్తానన్నాడు. వచ్చాడు.

ముందు గదిలో కూర్చున్నాం. సుజాత మంచం మీద, కాలు దిండు మీద. మీ బావ కుర్చీలో. ప్రవీణ్ గుమ్మంలో, ఎప్పటిలాగే. నేను చాయ్ పెట్టి తెచ్చాను.

ఖాజా సాబ్ నెమ్మదిగా చెప్పాడు. ఆపరేషన్ కార్డు మీద అయితది, దాని గురించి ఫికర్ లేదు. కాని ఇప్పటిదాంక పెట్టిన ఖర్సు, సుజాతమ్మ మెస్సుకు పోక పోగొట్టుకున్నది, గివన్ని బీమా కంపెనీ నుంచి అడిగే హక్కున్నది. దాని కోసమే ఒక కోర్టున్నది. అయితే ముందుగాల పోలీసుల దగ్గర యాక్సిడెంటని రాపియ్యాలె. ఆరు నెలలల్ల దరఖాస్తు పెట్టాలె. నాలుగు నెలలు పాయె.

మీ బావ లేచి నిలబడ్డారు. సొంత కొడుకు మీద కేసు పెట్టుకుంటరా ఎవరన్న? చుట్టాలు నవ్వరా? చెల్లె, నువ్వు మా ప్రవీణ్ మీద కేసేస్తవా? అన్నారు.

సుజాత బిల్లుల కట్ట ఒళ్లో పెట్టుకుంది. పిన్నీసు తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తోంది.

అన్నా, కూసో అన్నాడు ఖాజా సాబ్. గిది కొట్లాట కాదు. కాయితంల ఎదురెదురు నిలవడుడే. పైసలు కట్టేది కంపెనీ. ఇన్నేండ్లు కిస్తు ఎందుకు కట్టిన్రు మరి? అట్లని ఉత్తగనే పోతదని నేను చెప్పను. ప్రవీణ్ మీద కేసైతది. స్టేషన్లనే బెయిలిస్తరు, కొన్నాళ్లు తిరగాలె, జుర్మానా పడొచ్చు. ఇంకోటి, మెట్ల మీద పడ్డదని రాపిచ్చిన్రు గద, కంపెనీ వకీలు దాన్నే పట్టుకుంటడు. అబద్ధమెందుకు ఆడినవని అమ్మను నిలవెట్టి అడుగుతడు.

అందరూ నా వైపు చూశారు.

మీ బావ కూర్చున్నారు. కొంచెం ఆలోచించి, అట్లయితే తప్పు మనది కాదని చెప్దాం అన్నారు. నడి రోడ్డు మీద మక్కలు పోసిందా ముసల్ది, దాని మీద రాపిద్దాం. రోడ్డేమన్న దాని కల్లమా?

సుజాత అప్పుడు నోరు తెరిచింది. అన్నా, ఆ అవ్వ కొంగు చింపి నా కాలు కట్టింది అన్నది. అంతే అన్నది.

తమ్మీ, నీకు నన్ను ఆటపట్టించడం ఎంత ఇష్టం! “అక్కా, నీ దేవునికి గంటసేపు చెప్తవ్, మాకు గింజంత చెప్తే ఏమైతది?” అనేవాడివి. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నిన్న ఆ గదిలో నీ గొంతు వినిపించిందని చెప్పను. వినిపించలేదు. ఆ అవ్వ చేతులు కనిపించాయి, కట్టె పీకుతూ…

చాయ్ కప్పులు ఎత్తుతున్నదాన్ని కింద పెట్టేశాను. ఆ అవ్వ తప్పేం లేదు, ఎర్ర గుడ్డ ఉంది, రాళ్లున్నాయి, నేను దూరం నుంచే చూశాను అన్నాను. ప్రవీణ్ కూడా చూసేవాడే. వాడు రోడ్డు వైపు చూడకుండా వెనక్కి తిరిగాడు. నేనే తిప్పాను. ప్రసాదం తీసుకో ప్రవీణ్ అని వెనక నుంచి కొబ్బరి ముక్క ఇచ్చాను. ఇప్పుడు కాదమ్మా అన్నాడు వాడు. ప్రసాదం వద్దనొద్దు, తీసుకో అన్నాను. తిరిగాడు.

ఇంతే తమ్మీ. నాలుగు నెలలు దాచింది ఇంతే. పోలీసులు వస్తే ఎందుకు తిరిగాడని అడుగుతారు కదా… అందుకే మెట్లన్నాను. కొడుకు కోసం కాదు.

మీ బావ నెత్తి మీది కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. గుమ్మంలో నుంచి ప్రవీణ్, అమ్మా, నువ్వు పిలిస్తే మాత్రం తిరగాల్నా? స్టీరింగ్ నా చేతులనే ఉండె గద, తప్పు నాదే అన్నాడు. వాడు కూడా నాలుగు నెలలు నా పేరు ఎత్తలేదు. వాళ్ల నాన్నతో కూడా అనలేదు.

సుజాత పిన్నీసు పక్కన పెట్టింది.

నాకు తెల్వదా వదినె? ముందట కూసున్నది నేనే గద అన్నది. నువ్వు ఎన్నడు చెప్తవా అని సూస్తున్న. మొన్న ఆ కౌంటర్ కాడ నువ్వు నోరు తెరవక వాపసు వస్తే, ఇగ చెప్తదిలే అనుకున్న. అయినా వదినె, ముందట పక్కనే కూసున్న నాకియ్యకుండ, బండి నడిపేటోనికి ఇచ్చుడేంది ప్రసాదం?

ఖాజా సాబ్ ముందు నవ్వాడు. తర్వాత మీ బావ. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. వెళ్ళి ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాను. నా తల మీద చెయ్యి పెట్టింది. నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. నువ్వు ఉంటే వాళ్లతో పాటు నువ్వూ నవ్వేవాడివి. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడేవాడివి కాదు. రెండూ నాకు తగినవే.

క్షమించావా తమ్మీ? జవాబు ఎదురు చూడను. అడగాల్సింది అడిగాను.

ఖాజా సాబ్ మళ్ళీ పనిలోకి వచ్చాడు. అమ్మా, గిప్పుడు చెప్పినవ్ సూడు, గదే మాట కోర్టుల చెప్పాలె. వకీలు గట్టిగ అడుగుతడు. చెప్పగల్గుతవా?

చెప్తాను అన్నాను.

జల్దిన రాదు పైసలు, సబర్ పట్టాలె, లోక్ అదాలత్‌ల రాజీ కుదిరితే జర తొందర అయితది అన్నాడు. సుజాత పిన్నీసు గుచ్చిన కట్ట చేతికిస్తే తిప్పి చూసి, నా నౌకరిల గింత సక్కని ఫైలు నేను పెట్టలే అన్నాడు. ఆమె ముఖం చూడాలి అప్పుడు! నీ దగ్గర రొట్టెకు మెప్పు పొందినప్పుడు ఉండే ముఖం.

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో అనుకున్నది ఇది.

ఇవాళ పొద్దున నేను సర్కారు దవాఖానకు వెళ్ళి, ఆ కౌంటర్లో కారు ప్రమాదమని రాయించాలి. రాయించి వచ్చాను. ఆవిడ పాత మాట కొట్టేసి, పక్కన కొత్తగా రాసి, నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను. వచ్చే సోమవారం సుజాతను చేర్చుకుంటామన్నారు. మంగళా మావశికి ఫోన్ చేస్తే, వచ్చే సీజనుకు రొట్టె పల్చగ కొట్టే మనిషి తయారైతదన్నట్టు అని ఆవిడే ముందుగా ఏడ్చింది.

రేపు గురువారం ప్రమాదం జరిగిన చోటి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి దరఖాస్తు ఇవ్వాలి. సుజాత ఇస్తుంది, ప్రవీణ్ మీద. నేను సాక్షిని. దారిలో ఆ మక్కల అవ్వ ఇల్లు కనుక్కొని, నీ మీద ఏ మాటా రానివ్వం, చూసింది చూసినట్టు చెప్పు అని అడగాలి. కొత్త చీర కూడా తీసి పెట్టాను ఆమెకు. లంచం అనుకుంటారేమోనని ఖాజా సాబ్‌ను అడిగాను. చినిగిన కొంగుకు కొంగు ఇస్తే లంచమెట్లయితదమ్మా, కాని సాక్ష్యమైనంక ఇయ్యి అన్నాడు. సరే, బీరువాలో పెట్టాను.

ఎలా వెళ్ళాలన్న దగ్గర ఇవాళ సాయంత్రం చాలాసేపు ఆగిపోయింది మాట. బస్సు ఎక్కడం సుజాత వల్ల కాదు. ఆటోలో అంత దూరం కుదుపు. కిరాయి కారు మాట్లాడతానన్నారు మీ బావ.

కిరాయిదెందుకు అన్నది సుజాత. బయట ఉన్నది బండి కాదా? అల్లుడా, రేపు పొద్దుగాల ఏడింటికి బండి మీద గుడ్డ తియ్యి. నువ్వే నడుపుతవ్. నేను ముందట కూసుంట.

ప్రవీణ్ తలుపు పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అత్తమ్మా, నా మీద కేసు పెట్టనీకి నన్నే నడుపుమంటున్నవా? అన్నాడు.

మరెవరు నడుపుతరు? నీ మీద కేసు ఉన్నదని నేను కాలినడకన పోవాల్నా?

అప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చాడు తమ్మీ. వచ్చి ఆమె మంచం మీద కూర్చున్నాడు.

అట్లయితే టైరులల్ల గాలి సూపిచ్చుకొస్త అని మీ బావ చెప్పులేసుకొని బయటికి వెళ్ళారు. ఇంట్లో అందరికీ అదే ఖాయమైంది.

రేపు ఏడింటికి బయల్దేరుతాం. నేను వెనక సీట్లో కూర్చుంటాను. సుజాత తన కాళ్ల మీద నడిచి ఆదిలాబాద్ బస్సు ఎక్కేదాకా ఆమె పక్కన నేనుంటాను. ఇది నీకు నా మాట.

ఉంటాను తమ్మీ.

మీ అక్క